ఋణార్ణము: తెనుఁగు సాహిత్యమున నధమర్ణుఁడు

మన యాలంకారికులు దైన్యమను వ్యభిచారిభావమునకు దౌర్గత్యమును విభావముగాఁ జెప్పి యంతటితో విరమించిరి. దౌర్గత్యమునకును ఋణమునకును భేదము కలదు. దరిద్రునకు లేమి యొక్కటియే బాధ. ఋణగ్రస్తునకు లేమితోఁ గూడ నొక గడువును, గడువుతోఁ గూడ నొక ముఖమును గలవు. ఆ ముఖము సంతలో నెదురుపడును, గుడిలోఁ గనఁబడును, రాత్రి కన్ను మూసినను గనఁబడును. ఈ భేదమును మన కవులు గుర్తించిరా? గుర్తించినచో నధమర్ణుని నెట్లు చిత్రించిరి? ఆ చిత్రణమును మనము పాఠశాలలయం దెట్లు బోధించుచున్నాము? ఈ మూఁడు ప్రశ్నల నిందు విచారింపఁ దలఁచితిని.

ఈ విచారమునకుఁ బ్రేరకమైన సందర్భము చిన్నది. నేను దాదాపు ముప్పది సంవత్సరములుగా మదనపల్లె, పుంగనూరు, కుప్పము ప్రాంతముల పాఠశాలలలోఁ దెనుఁగును, కోరిన కొందఱకు సంస్కృతవ్యాకరణమును జెప్పుచున్నాఁడను. కొన్నేండ్ల క్రిందటఁ గుప్పములో సుమతిశతకమునందలి యొక పద్యము చెప్పుచు, అప్పు చేయుట తప్పని తాత్పర్యము వ్రాయించితిని. వెనుకవరుసలోని యొక బాలిక లేచి, “అయివోరూ, అప్పు జేసినోళ్లంతా చెడ్డోళ్లేనా?” అని యడిగెను. ఆమె తల్లి యప్పుసంఘమున సభ్యురాలనియు, తండ్రి వేకువబండికి బెంగుళూరునకుఁ గూలికిఁ బోవుననియు నే నెఱుఁగుదును. “కాదమ్మా” అంటిని, కాని యేల కాదో చెప్పఁజాలనైతిని. ఇంతలో గంట కొట్టిరి. ఆ బాలిక కానాఁ డీయఁజాలని సమాధానమే యీ వ్యాసము.

1. శబ్దవిచారము

మొదట నాకుఁ బరిచితమైన వ్యాకరణమునే యాశ్రయింతును. ‘ఋ’ ధాతువునకు నిష్ఠాప్రత్యయము చేరఁగా సామాన్యముగా ‘ఋతము’ అగును. అప్పుపడుట యను నర్థమున మాత్రము తకారము మాఱి ‘ఋణము’ అగునని పాణిని యష్టమాధ్యాయమున విధించెను. ధాతు వొకటియే, ప్రత్యయ మొకటియే. సత్యమునకును అప్పునకును నడుమ నున్నది యొక్క యక్షరపు మార్పు. శబ్దవ్యుత్పత్తినుండి ధర్మనిర్ణయము చేయరాదను నాక్షేపమును నే నెఱుఁగుదును. అయినను, ఇచ్చిన మాటను సూచించు శబ్దమును, పడిన యప్పును సూచించు శబ్దమును దోఁబుట్టువు లని తెలిసికొనుట నిష్ప్రయోజనము కాదు.

ఇఁక ‘అధమర్ణుఁ’ డను శబ్దము. విద్యార్థు లిందలి ‘అధమ’ పదమును జూచి నీచుఁడని యర్థము చెప్పుదురు. బాల్యమున నేనును నట్లే యనుకొంటిని. ఋణవిషయమునఁ గ్రిందివాఁ డధమర్ణుఁడు, మీఁదివాఁ డుత్తమర్ణుఁడు. పుచ్చుకొను చేయి క్రిందను, ఇచ్చు చేయి మీఁదను ఉండును గదా యని బాలురకుఁ జెప్పుదును. ఇందు గుణనిర్ణయము లేదు. గుణనిర్ణయము చేయవలసివచ్చిన చోటఁ బాణిని యెవనిని గర్హించెనో చూడుఁడు. చతుర్థాధ్యాయమున గర్హ్యముగా నిచ్చువానికిఁ బ్రత్యయము విధింపఁబడినది. రెట్టింపు పొందుటకై యిచ్చువాఁడు ద్వైగుణికుఁడు; పది యిచ్చి పదునొకండు పుచ్చుకొనువాఁడు దశైకాదశికుఁడు. ఇందు గర్హ యిచ్చువానికి సంబంధించినదే కాని పుచ్చుకొనినవానికిఁ గాదు. పదికిఁ బదునొకండు నింద్యమని యానాఁటివారికిఁ దోఁచినది. నెలకు నూటికి ఐదు రూపాయల వడ్డి యనుమాట నేఁటి మన యూళ్లలో నెవ్వరిని నులికిపఱుపదు.

తీర్చవలసిన కాలమును బట్టి ఋణమునకుఁ బేరు పెట్టు పద్ధతియు నా సూత్రములలోఁ గలదు. నెమలికిఁ బురి వచ్చు కాలమునఁ దీర్చునది కలాపకము. రావిపండ్లు పండు కాలమునఁ దీర్చునది యశ్వత్థకము. యవలు నూర్చి పొట్టు రాలు కాలమునఁ దీర్చునది యవబుసకము. గ్రీష్మమునఁ దీర్చునది గ్రైష్మకము. సంవత్సరమునకుఁ దీర్చునది సాంవత్సరికము. ఈ పేరులలో నొక లోకజ్ఞానము దాఁగియున్నది. గడువును నిర్ణయించునది ఋణదాత తొందర కాదు, ఋణగ్రహీత చేతికి ఫలము వచ్చు కాలము. కళ్లములో యవలు నూర్చిన నాఁడు రైతు తీర్పఁగలఁడు. పైరు పచ్చగా నున్న నాఁడు తీర్పలేఁడు. పట్టుపురుగులఁ బెంచు కుప్పము పలమనేరు ప్రాంతపు గృహస్థునకు గూళ్లమ్మిన నాఁడే సొమ్ము. టొమాటో వేసిన మదనపల్లె రైతునకుఁ గోఁత నాఁడే సొమ్ము. అట్టివారికి వారమువారము కంతు పెట్టుట, రావిచెట్టును వారమున కొకసారి పండు మనుట వంటిది.

కాని యన్నింటికంటె నాకు ముఖ్యముగాఁ దోఁచునది కాత్యాయనవార్తికమున సిద్ధించిన ‘ఋణార్ణ’ శబ్దము. ఒక ఋణమును దీర్చుటకై చేసిన మఱియొక ఋణ మని దాని యర్థము. అకారమునకు ఋకారము పరమైన గుణము రావలెను. అట్లైన ‘ఋణర్ణ’ మగును. ఇచ్చట గుణమును ద్రోసి వృద్ధి వచ్చునని వార్తికకారుఁడు చెప్పెను. సంస్కృతమున వృద్ధి యనఁగా వడ్డియు నగును. మన ‘వడ్డి’ యా శబ్దమునుండి పుట్టినదే. అప్పు మీఁద నప్పు చేరినప్పుడు గుణము లేదు, వృద్ధియే యని నేను తరగతిలో నవ్వుచుఁ జెప్పెడివాఁడను. ఆ వార్తికమునఁ దోడుగాఁ జదువఁబడిన శబ్దములును దలఁపఁదగినవి. పెయ్యకై చేసిన యప్పు వత్సతరార్ణము. కంబళికై చేసినది కంబళార్ణము. బట్టకై చేసినది వసనార్ణము. ఇవి రాజుల ఋణములు కావు. పశువు, కప్పుకొను కంబళి, కట్టుకొను బట్ట, వీనికై చేసిన సామాన్యగృహస్థుని ఋణములు. వ్యాకరణము నీరసశాస్త్ర మనువా రీ యొక్క వార్తికమును మెల్లఁగాఁ జదువవలెను.

2. శతకమార్గము

ఇఁక సాహిత్యము. మన పిల్లలకు ఋణమును గూర్చి మొదట బోధించునది సుమతిశతకము. అందు ఋణప్రసక్తి గల రెండు పద్యములు ప్రసిద్ధములు. మొదటిది యప్పు తెచ్చి చేయు వైభవమును, మఱి కొన్ని యవివేకములతోఁ జేర్చి, కీడు తెచ్చు ననును. దీనినే మనము ‘అప్పు చేయరాదు’ అని తాత్పర్యము వ్రాయించుచున్నాము. ఇది యన్వయదోషము. ఆ పద్యమున నింద్యమైన విశేష్యము వైభవము. అప్పు దానికి విశేషణములోని భాగము మాత్రమే. కవి కాదనినది పరుల సొమ్ముతోఁ జేసిన యాడంబరమును. బియ్యమునకును, మందునకును, విత్తనములకును జేసిన యప్పును కాదు.

దీనికిఁ దార్కాణము రెండవ పద్యము. ఎట్టి యూర నివసింపవచ్చునో చెప్పుచు నా శతకకర్త వైద్యునితోను, ఎడతెగక పాఱు నేటితోను సమానముగా నప్పిచ్చువానిని లెక్కించెను. అప్పు పుట్టని యూరు నివాసయోగ్యము కాదని యతని మతము. ‘అప్పు పుట్టుట’ యను మన నుడికారమునందే యా వస్తువు యొక్క దుర్లభత్వము కలదు. ఒక పద్యమున నప్పిచ్చువానిని గోరినవాఁడు వేఱొక పద్యమున నప్పు చేసినవాని నెట్లు నిందించును? రెంటిని గలిపి చదివిన వానికిఁ గవి హృదయము స్పష్టము. రెంటిని విడఁదీసి, మొదటిదానిని వక్రముగాఁ జెప్పిన తప్పు కవిది కాదు, నావంటి యుపాధ్యాయులది.

3. హరిశ్చంద్రమార్గము

మన జనులకు ఋణమును గూర్చి యంతకంటె గాఢముగా బోధించినది హరిశ్చంద్రకథ. 15వ శతాబ్దమున గౌరన దీనిని ద్విపదగా రచించెను. 20వ శతాబ్దమున బలిజేపల్లి లక్ష్మీకాంతము నాటకము రంగస్థలమున నెక్కుడు ప్రచారము పొందెను. మార్కండేయపురాణమున విశ్వామిత్రుఁడు తానే వచ్చి బాకి యడుగును. తెనుఁగు కథలో నక్షత్రకుఁడను శిష్యుఁడు రాజు వెంట నంటి తిరుగును. ఆ పేరు మన భాషలో జాతీయమయ్యెను. విడువక వెంటఁబడువానిని నేఁటికిని నక్షత్రకుఁ డందుము. ఒక పాత్ర పేరు సామాన్యనామ మగుట యా పాత్ర సృష్టికిఁ గలిగిన గొప్ప ప్రశంస.

ఈ ప్రశంసకుఁ గారణ మేమి? ప్రేక్షకుఁడు హరిశ్చంద్రుఁడు కాఁడు, రాజ్యమును దానమీయలేదు. కాని నక్షత్రకు నెఱుఁగును. వాకిట నిలిచి, పొరుగువారు వినునట్లు మాటలాడువానిని, ఎండ తాఁకినను, ఆఁకలి యైనను, తానే బాధితుఁడ ననువానిని దన గుమ్మమునఁ జూచియున్నాఁడు. రంగస్థలమున వానిని జూచి నవ్వఁగలుగుట ప్రేక్షకునకు గొప్ప యూఱట. తనకుఁ దెలిసిన భయము నలుగురి నడుమ హాస్యముగా మాఱినప్పుడు, ఆ భయము తన యొక్కనిది కాదని వానికి బోధపడును. సిగ్గు నేకాంతమునఁ బెరుగును, సభలోఁ దగ్గును. ఈ నాటకము చేసిన మేలును విమర్శకులు తఱచుగా గుర్తింపరు.

అయినను నాకొక యాక్షేపము కలదు. కథలో ఋణభారము మొదట నెవరిపైఁ బడెను? భార్యపై. తన్ను అమ్ముమని యామెయే చెప్పినట్లు మార్కండేయపురాణమునఁ గలదు. ఆ ధనము చాలక పిదప రాజు తన్నుఁ దా నమ్ముకొనెను. ప్రేక్షకుల కన్నీరు సత్యసంధుఁడైన రాజుకొఱకుఁ బ్రవహించును. మాట యిచ్చినవాఁ డొకఁడు, విక్రయింపఁబడినది యొకతె యను సంగతి యా కన్నీటిలో మఱుగుపడును. కథాంతమున దేవతలు ప్రత్యక్షమై యంతయుఁ దిరిగి యిత్తురు కావున నీ యన్యాయము విచారణకు రాదు. మన యిండ్లలో దేవతలు ప్రత్యక్షము కారు.

2025 జూను నెలలోఁ గుప్పము మండలములోని యొక గ్రామమున భర్త చేసిన 80,000 రూపాయల యప్పునకై యొక స్త్రీని జెట్టునకుఁ గట్టివేసిరి. వార్త దేశమంతటఁ బ్రాఁకెను, నిందితులు నిర్బంధింపఁబడిరి. ఆ వార్త చదివిన నాఁడు నాకు ద్వితీయాధ్యాయములోని యొక సూత్రము స్ఫురించెను. ఋణము హేతువై, కర్త కానప్పుడు, పంచమి వచ్చునని దాని యర్థము. వ్యాఖ్యాతలు చూపు నుదాహరణము నూఱింటి యప్పువలనఁ గట్టువడినవాని గూర్చినదే. ఎన్నిమారులో చెప్పిన యుదాహరణము. కట్టు అను మాటలో త్రాడున్నదని యెన్నఁడును దలఁపలేదు. సూత్రములోని ‘కర్త కానప్పుడు’ అను నియమము నిప్పుడు మఱియొక విధముగా నాకు వినఁబడుచున్నది. ఋణము హేతువు కావచ్చును. కట్టినవాఁడు మాత్రము మనుష్యుఁడు. అప్పే కట్టినదని చెప్పి కర్త తప్పించుకొనరాదు. తెనుఁగున నప్పు ‘కట్టుట’ యనఁగాఁ దీర్చుట. ఆ క్రియకు వేఱొక కర్మము చేర్చినవారు భాషకును ద్రోహము చేసిరి.

భర్త ఋణమును భార్య యీయనక్కఱలేదని యాజ్ఞవల్క్యుఁడు స్పష్టముగాఁ జెప్పెను. కుటుంబార్థమై చేసినదియు, తా నొప్పుకొనినదియు, భర్తతోఁ గూడి చేసినదియు, స్వయముగాఁ జేసినదియు మాత్రమే యామె యీయవలసినది. యాజ్ఞవల్క్యస్మృతికి మితాక్షర యను వ్యాఖ్యను రచించిన విజ్ఞానేశ్వరుని పేర 13వ శతాబ్దముననే కేతన తెనుఁగున విజ్ఞానేశ్వరీయమును సంతరించెను. ఇట్టి వ్యవహారగ్రంథము మన భాషలో నంత పూర్వముననే యుండఁగా, మన పాఠ్యములలో హరిశ్చంద్రునకుఁ గల చోటు దానికి లేకపోయెను. శాస్త్రమును బూర్తిగాఁ బొగడుట నా యుద్దేశము కాదు. వర్ణమును బట్టి వడ్డి పెంచుచుఁ గ్రిందివానివద్ద నెక్కుడు పుచ్చుకొనుమని చెప్పినదియు నా స్మృతియే; బాకి వసూలునకు బలమును నైదవ యుపాయముగా నెన్నినది మనుస్మృతి. మంచిని మంచిగాను, చెడ్డను జెడ్డగాను జెప్పుటయే పండితధర్మము.

4. చాటుమార్గము

హరిశ్చంద్రుఁడు పురాణపురుషుఁడు. తన బాకిని దానే చెప్పుకొనిన కవి మనకు శ్రీనాథుఁడు. అతనిదిగాఁ బ్రసిద్ధమైన చాటువున, కృష్ణాతీరమున బొడ్డుపల్లెను గుత్తకుఁ బుచ్చుకొని, ఏటివఱదకుఁ బంట పోయి, మిగిలినది పిట్టల పాలై, చెల్లింపవలసిన యేడునూఱుల టంకము లెట్లు చెల్లింతు నని కవి వాపోవును. కనకాభిషేకము పొందినవాఁ డిట్లైనాఁడే యని మన విమర్శకులు జాలిపడి విడిచిరి. నేను జాలిపడను, అబ్బురపడుదును. ఆ చాటువునం దప్పునకుఁ గారణ మున్నది, పంట పేరున్నది, మొత్త మున్నది. బాధను విధిమీఁద నెట్టక యంకెతోఁ జెప్పిన పద్యములు మన భాషలో నెన్ని కలవు?

మదనపల్లె టొమాటో విపణిలో నిలిచి చూచినవారికి నీ చాటువు పాతది కాదు. 2023 జులైలో నచ్చటఁ గిలో నూఱు రూపాయలను దాఁటెను. ధర పడిపోయిన యేండ్లలో నదే పంటను బండికూలికిఁ జాలదని రైతులు త్రోవప్రక్కఁ బాఱఁబోసిపోయిరి. బొడ్డుపల్లెలో వఱద చేసిన పని యిచ్చట ధర చేయుచున్నది. పంట పండినను బాకి తీఱని స్థితి శ్రీనాథునకుఁ దెలియనిది. అంత మాత్రమే భేదము.

5. మాహాత్మ్యమార్గము

మా సీమకు సమీపమైన మఱియొక కావ్యమును జెప్పక విడువరాదు. మదనపల్లెకు దవ్వు కాని తరిగొండలో జన్మించిన వెంగమాంబ, బాలవితంతువై లోకనింద కోర్చి, మదనపల్లెవాఁడైన సుబ్రహ్మణ్యదేశికునివద్ద నుపదేశము పొందెనని ప్రతీతి. ఆమె రచించిన వేంకటాచలమాహాత్మ్యము మా ప్రాంతపు టిండ్లలోఁ బూజామందిరమున నుండు గ్రంథము. పద్మావతీపరిణయమునకు శ్రీనివాసుఁడు కుబేరునివద్ద ఋణము చేసిన కథ యా మాహాత్మ్యసంప్రదాయమునఁ గేంద్రము. వడ్డికాసులవాఁ డను పేరు స్వామి కందుచేతనే వచ్చెను.

అధమర్ణుని దైవముగా నిలిపిన కథ యిది. మనవారు దీనిని వినోదముగాఁ జెప్పుదురు. నేను దీనిని ధర్మకథగాఁ జదువుదును. ఇందు ఋణమునకుఁ బత్ర మున్నది. పత్రమునకు బ్రహ్మయు, రుద్రుఁడును, అశ్వత్థవృక్షమును సాక్షులు. ఋణదాత గర్వింపఁడు, ఋణగ్రహీత తల వంపఁడు. పెండ్లి పందిటిలో నిరువురును సమానులు. ‘అధమ’ శబ్దమునకు నీచార్థము లేదని నేను వ్యాకరణమునఁ జూపితిని గదా. పురాణము దానినే కథగాఁ జూపెను. పురాణమునఁ జెట్టు సాక్షిగా నిలిచినది. మన కాలమునఁ జెట్టు కట్టుకొయ్య యయ్యెను. ఇంతకంటె నేనేమి వ్రాయుదును?

ఇం దొక ప్రమాదమును గలదు. స్వామి యప్పు కలియుగాంతమువఱకుఁ దీఱదు; యేఁటేఁట వడ్డియే. పెండ్లికి శక్తి మించి యప్పు చేయువారు ‘దేవునికే తప్పలేదు’ అని యీ కథను సాక్ష్యముగాఁ దెత్తురు. సుమతిశతకకారుఁడు నిందించిన వైభవమిదియే. దేవుని వడ్డిని గోటానుకోట్లు భక్తులు తీర్చుచున్నారు. మన వడ్డిని మన భార్యాబిడ్డలు తీర్తురు. కథను జెప్పునపు డీ భేదమును గూడఁ జెప్పవలెను.

తీఱని వడ్డికి మనుష్యలోకమున హద్దు పెట్టినవారు ధర్మశాస్త్రకారులే. ఒక్కసారిగాఁ బుచ్చుకొను వడ్డి యసలును మించరాదని మనువు. దామదుప్పటు అను పేర బొంబాయి రాజధానిలో న్యాయస్థానము లీ నియమమును బాటించెను. రాజగోపాలాచారి ప్రభుత్వము చేసిన 1938 నాఁటి మదరాసు రైతు ఋణవిమోచన చట్టము, అసలునకు రెట్టింపు చెల్లించిన రైతు ఋణము తీఱినట్లే యని శాసించెను. చిత్తూరు జిల్లా యప్పు డా రాజధానిలోనిదే. సూక్ష్మఋణసంస్థల వసూళ్లవలన నాంధ్రదేశమున బలవన్మరణములు కలిగినవని యాందోళన పుట్టఁగా 2010 అక్టోబరులో నత్యవసరశాసనమును, 2011 లోఁ జట్టమును వచ్చెను. వడ్డి యసలును మించరాదను మాట యందును గలదు. రిజర్వు బ్యాంకువద్ద నమోదైన సంస్థల కా చట్టము వర్తింపదని తెలంగాణ యున్నతన్యాయస్థానము 2023 లోఁ దీర్పు చెప్పెను. 2022 నాఁటి రిజర్వు బ్యాంకు నిర్దేశములు సూక్ష్మఋణగ్రహీత కుటుంబపుఁ గంతులన్నియుఁ గలిసి నెలయాదాయమున సగమును మించరాదనియు, ఉదయము తొమ్మిదికి ముందును సాయంకాల మాఱింటికిఁ దరువాతను బిలిచి పీడింపరాదనియు విధించెను. నక్షత్రకునకు వేళ నిర్ణయించిన మొదటి సూత్ర మిది యని నాకుఁ దోఁచినది.

6. గృహమార్గము

ఇంతవఱకుఁ బరుల మాటలు. నా యింటి మాట కొంత చెప్పనిచో నీ వ్యాస మసత్యమగును. నా కొమార్తె పెండ్లికి బంగారము కుదువఁబెట్టి యొక సంస్థలో నప్పు తెచ్చితిని. దాని వడ్డికై యొక మిత్రునివద్దఁ జేబదులు తీసికొంటిని. చేబదులు తీర్చుటకుఁ జీటి పాడితిని. చీటి కంతు కట్టలేక మరల నొక ప్రోనోటు వ్రాసితిని. ఇరువదియేండ్లు ఋణార్ణశబ్దమునకు సంధికార్యము చెప్పినవాఁడను; ఋణార్ణములో నుంటినని గుర్తించుటకు రెండేండ్లు పట్టెను. కిరాణాదుకాణము ముందు నడువ నోడి వెనుకవీధిఁ దిరిగి పాఠశాలకుఁ బోయెడివాఁడను. తరగతిలో దైన్యమునకు లక్షణము చెప్పుచుంటిని, లక్ష్యము నేనే.

ఒక రాత్రి నా యిల్లాలు పాత పంచాంగము నొకదానిని దెచ్చి ముందుఁ బెట్టి, “మొత్తమెంతో చెప్పండి. ఎంతో తెలీని అప్పే నిద్ర పట్టనీదు” అనెను. నేను చెప్పితిని. చెప్పుచుండఁగాఁ గంఠము పూడుకొనిపోయెను. ఆమె యెవరికి, ఎంత, ఏ వడ్డికి, ఏ నెలకు నని పంచాంగపు వెనుకపుటలలో వ్రాసికొనెను. వ్రాసినది నెలల వరుసను. మాఘమున నిది, చైత్రమున నిది యని చూచినప్పుడు కలాపకాశ్వత్థకములు నా కన్నుల ముందు నిలిచెను. పాణిని నెఱుఁగని యామె పాణినీయముగా లెక్క వ్రాసెను. శ్రీనాథుని చాటువు విలువయు నాఁడే నాకుఁ దెలిసినది. అంకె చెప్పిన పిదప నప్పు తగ్గలేదు, భయము తగ్గెను.

పిదప మేము చేసినది స్వల్పము. అప్పు తీర్ప నప్పు చేయరాదని మొదటి కట్టుబాటు. కుదువనున్న నగలలో నొకదాని నమ్మివేసి తక్కినవి విడిపించుకొంటిమి. అమ్మలేక వడ్డి కట్టుట యమ్ముటకంటె నష్టమని లెక్కలోఁ దేలెను. ఎక్కువ వడ్డిదానిని ముందు తీర్చితిమి. గడువు నాఁటికి సొమ్ము చేకూఱదని తోఁచినపుడు, వారు రాకమునుపే నేను వారి యింటికిఁ బోయి చెప్పితిని. ఇది యన్నిటికంటెఁ గష్టమైన పని. అన్నిటికంటె ఫలించిన పనియు నిదియే. నాలుగు సంవత్సరములు పట్టెను. నాకు నెలజీతము కలదు కావున నిది సాగినది. ధర పడిన రైతునకును, పని దొరకని కూలికిని నా పద్ధతి చాలునని చెప్పను. వారికి వలయునది లెక్కతోఁ బాటు కాలమునకుఁ దగిన గడువును, హద్దు గల వడ్డియు, న్యాయసహాయమును. స్త్రీలకు నాదాయముతో నిమిత్తము లేక యుచిత న్యాయసహాయము పొందు హక్కు 1987 నాఁటి న్యాయసేవాధికార చట్టమునఁ గలదు. ఈ మాట యూరూరఁ జెప్పవలసినది.

ఉపసంహారము

మన సాహిత్యమున నధమర్ణుఁడు నాలుగు రూపములఁ గనఁబడినాఁడు: శతకమున నాడంబరుఁడుగా, హరిశ్చంద్రకథలో సత్యసంధుఁడుగా, చాటువున లెక్క చెప్పువాఁడుగా, మాహాత్మ్యమున దేవుఁడుగా. నాలుగింటను నధమర్ణుఁడు పురుషుఁడే. ఋణార్ణమును మోయు గృహిణి, వారమువారము సంఘములో సంతకము చేయు స్త్రీ, యింకను నాయిక కాలేదు. ఈ లోటును రాఁబోవు కవులు తీర్తురు గాక.

పాఠశాలాపండితులకు నా మనవి యొక్కటి. సుమతిశతకపద్యము చెప్పునపుడు విశేష్యమును విడువకుఁడు. రెండవ పద్యమును జేర్చి చెప్పుఁడు. హరిశ్చంద్రుని జెప్పునపుడు చంద్రమతి విక్రయమును విచారింపఁజేయుఁడు. తరగతిలో నప్పుపడిన యిండ్ల బిడ్డలు కూర్చుండియుందురని మఱవకుఁడు. ఆ బిడ్డలలో నుపాధ్యాయుని బిడ్డయు నొకరై యుండవచ్చును.

ఆ బాలిక యిప్పు డెక్కడ నున్నదో యెఱుఁగను. ఈ పుటలు చూచునను నాశయు లేదు. చూచినచో నామెకు నా సమాధాన మిది: కాదమ్మా. నాఁడు నేను వ్రాయించిన తాత్పర్యము తప్పు, దిద్దుకొనుము. నా పొరపాట్లను విజ్ఞులు దిద్దుదురు గాక.